నాలుగు నిమిషాల పదహారు సెకన్లు

నాలుగు నిమిషాల పదహారు సెకన్లు మిగిల్చినందుకు నాకు శాలువా కప్పారు. నెమలికంఠం రంగు, అంచుకి జరీ. కప్పింది మా డాక్టర్ హైమావతి మేడం. ఆనాటి ఫొటోలో నేను నవ్వుతున్నాను, మేడం నవ్వుతున్నారు, మూలన ఓదేలు మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నవ్వలేదు. ఆ ఫొటో ఇప్పుడు మా బీరువాలో బోర్లా పడి ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా డబ్బా సంగతి చెప్పాలి.

మా ఊళ్లో ఎనిమిదో నంబర్ బాయిలో బొగ్గు అయిపోయి పదకొండేళ్లయింది. బాయి అంటే మా వాళ్ల మాటలో బొగ్గు గని. ఐదు వందల మీటర్ల లోతు, నిట్టనిలువు. కంపెనీ వదిలేసిన ఆ గుంతను పరిశోధనవాళ్లు తీసుకున్నారు. ఒకప్పుడు మనుషుల్ని దింపిన చోట ఇప్పుడు ఒక డబ్బాను పడేస్తారు. దింపడం కాదు, పడేయడమే. డబ్బాలో ఇంకో డబ్బా ఉంటుంది. బయటిది గాలిని నెట్టుకుంటూ పడుతుంది, లోపలిది ఎక్కడా గోడలకు తగలకుండా దానితో పాటే పడుతుంది. అలా పడుతున్న తొమ్మిది సెకన్లు లోపల దేనికీ బరువుండదు. నీటి చుక్క గుండ్రంగా గాల్లో నిలబడిపోతుంది. చివరి వంద మీటర్లలో గాలిదిండు పట్టుకుని డబ్బాను ఆపుతుంది. రాకెట్టు ఎక్కి పోవలసిన అంతరిక్షం తొమ్మిది సెకన్ల పాటు మా కాలనీకి వచ్చి పోతుందన్నమాట.

ఆ తొమ్మిది సెకన్లలో మేడం గుండె వాల్వులు తయారు చేసేవారు. రోగి గుండె నుంచి సూదితో తీసిన కణాలను పెంచి, పలచటి జిగురులో కలిపి, వాల్వు ఆకారంలో ఉన్న చిన్న గిన్నెలో పోస్తాం. నేల మీద అలా వదిలేస్తే కణాలన్నీ మెల్లగా అడుక్కి దిగిపోతాయి, కింద మందం, పైన పలచన. పడుతున్నప్పుడు మాత్రం ఎక్కడివక్కడ నిలుస్తాయి. సరిగ్గా అప్పుడే నీలం లైటు వెలిగి జిగురు గట్టిపడుతుంది. ఐదు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచితే అది బతికున్న వాల్వు, ఆ మనిషి సొంత మాంసం. ఎనిమిది మేకలకు పెట్టాం, ఎనిమిదీ నిలిచాయి. తర్వాత లారీ నడిపే యాకూబ్‌కి పెట్టారు. మూడు నెలల తర్వాత యాకూబ్ తన లారీ మా గేటు ముందు ఆపి, అందరూ బయటికి వచ్చేదాకా హారన్ కొట్టాడు. మేడం కళ్లు తుడుచుకోవడం నేను ఆ రోజే చూశాను.

నా పేరు వినోద. గిన్నెలో కణాలు పోసి, మూత బిగించి, డబ్బాను గ్రాము తేడా లేకుండా తూచి, బాయి నోటి మీది గేటు దగ్గరికి పంపడం నా పని. నాకు ఆగడం చేతకాదు. బస్సు ఆగకముందే దిగుతాను, పాలు పొంగకముందే దించుతాను, ఎదుటివాళ్ల మాట నేనే పూర్తి చేస్తాను. ఇంట్లో నా పేరు ఆగమాగం. పెట్టింది నా చెల్లెలు శ్రీలత.

ఆగడం చేతకాని దానికి ఓదేలు మామ దొరకడం నా ఖర్మ. ఆయన మా నాయినతో పాటు ఆ బాయిలోనే పనిచేసినవాడు. గని మూసేశాక కూడా గేటు మనిషిగా ఆయన్నే ఉంచారు. డబ్బాను విడిచే పెద్ద మీట ఆయన చేతిలో ఉండేది. నేను డబ్బాను పంపగానే, "లోపల పాణమున్నదా?" అని అడిగేవాడు. లేదు, పరీక్షకు పంపే ఉత్త నూనె అంటే వెంటనే మీట లాగేవాడు. ఉంది అన్నానా, ఇక తతంగం మొదలు. నలభై అడుగులు నడిచి పాత బిళ్లల బోర్డు దగ్గరికి పోతాడు. గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. దిగేటప్పుడు వెంట తీసుకుపోవాలి, పైకొచ్చాక మళ్లీ కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టు. ఓదేలు మామ ఆ బోర్డు నుంచి ఒక బిళ్ల తీసి, మళ్లీ నలభై అడుగులు నడిచొచ్చి, డబ్బా చెవికి కట్టేవాడు. తర్వాత మూడు గంటలు కొట్టేవాడు. మనుషులు దిగుతున్నారని పాత గుర్తు అది. కొట్టి, కింద నుంచి జవాబు గంట కోసం ఆగేవాడు. కింద ఎవరున్నారు, జవాబివ్వడానికి? పదకొండేళ్ల నుంచి ఎలుక కూడా లేదు. అయినా ఆగేవాడు, గేటు మీద చెయ్యి వేసి, జవాబొచ్చేంత సేపూ.

నాకు ఒళ్లు మండేది. పదిన్నరకు క్యాంటీన్‌లో చాయ్ దించేవారు. మామ తతంగం అయ్యేసరికి అది చల్లారి, మీద తొరక కట్టేది. ఒకరోజు స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో పనికీ ఎంత పడుతోందో రాసుకున్నాను. బోర్డుకు పోను ఇంత, రాను ఇంత, బిళ్ల కట్టడం ఇంత, గంటలు, ఎదురుచూపు. మొత్తం వేసి, పైన 'వృథా సమయం' అని రాసి మేడం టేబుల్ మీద పెట్టాను. గేటుకు మోటారు పెడితే మూత పడిన ఇరవై సెకన్లకే డబ్బా దానంతటదే విడిపోతుందని కూడా రాశాను. మేడంకి నచ్చింది. మోటారు వచ్చింది, నాకు శాలువా వచ్చింది, ఓదేలు మామ ఇంటికి పోయాడు. ఎట్లాగూ ఏడాదిలో పోవలసినవాడే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పటికి ఇంకో ఇద్దరికి వాల్వులు పెట్టడానికి అనుమతి వచ్చి ఉంది. ఒకరు మంథని దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచర్ రాజమణి. రెండో మనిషి మా శ్రీలత.

శ్రీలతకు చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చింది. జ్వరం పోయింది కాని గుండె వాల్వు ముడుచుకుపోయింది. అమ్మానాయిన పోయాక మిగిలింది మేమిద్దరమే. అది ఇంట్లో బట్టలు కుడుతుంది. ఒక జాకెట్టు కుట్టాలంటే నాలుగుసార్లు మిషన్ ఆపి ఊపిరి తీసుకుంటుంది. లోహపు వాల్వు పెడితే జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి. అవి దానికి పడలేదు, చిగుళ్ల నుంచి కారిన రక్తం రెండు రోజులు ఆగలేదు. రాజమణికి పిల్లలు కావాలి, ఆమెకూ ఆ మాత్రలు వద్దన్నారు. అందుకే ఇద్దరూ మా డబ్బాను నమ్ముకున్నారు. బలహీనమైన గుండెను రెండోసారి సూదితో పొడవలేరు కాబట్టి, తీసిన కణాలే గతి. రాజమణివి నాలుగు గిన్నెలకు సరిపోయాయి. శ్రీలతవి మూడింటికి.

రాజమణి మంచి మనిషి. ఉడకబెట్టిన పల్లీలు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చేది. మైక్రోస్కోపులో తన కణాలు చూస్తానని పట్టుబట్టేది. "నా పిల్లలు ఎట్లున్నరు మేడం?" అనేది నన్ను. నన్ను మేడం అన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆమె మొదటి గిన్నె కొత్త గేటు నుంచి పడింది. మూత పడింది, ఇరవై సెకన్లు, డబ్బా పోయింది. మేమంతా క్యాంటీన్‌కి పోయి పొగలు వచ్చే చాయ్ తాగాం. ఐదు రోజుల తర్వాత పెట్టె తెరిస్తే లోపల వాల్వు లేదు. పాల మీది మీగడ ముక్కలు తేలినట్టు ఏవో తునకలు ఉన్నాయి. జిగురు పాడైందన్నారు మేడం. అదే నెలలో జిగురు అమ్మే కంపెనీని మార్చాం, అందుకని అనుమానం దాని మీదికే పోయింది. పాత జిగురు తెప్పించి మేక కణాలతో చేశాం, అదీ పాడు. లైటు మార్చాం. గిన్నె మార్చాం. వానాకాలమంతా అలాగే గడిచింది. రాజమణి నాలుగు గిన్నెలూ పోయాయి. శ్రీలతది ఒకటి పోయింది. వినాయక చవితి వెళ్లిన మూడో రోజు రాజమణి బడిలో పిల్లలకు గుడ్లు పంచుతూ కూలబడిపోయిందని ఫోన్ వచ్చింది. ఆస్పత్రికి చేరలేదు.

నేను ఆ రోజు ల్యాబ్ నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. శ్రీలత నా మొహం చూసి మిషన్ ఆపేసి, అన్నం పెట్టింది. ఇద్దరం తినలేదు.

తర్వాత వారం నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. లాగ్‌బుక్కులు ముందేసుకుని మొదటి నుంచి తిరగేశాను. ప్రాణమున్న డబ్బాలు గేటు మారకముందు పదకొండు పడ్డాయి. తొమ్మిది నిలిచాయి, రెండు పాడయ్యాయి. ఆ రెండు రోజులూ గేటు దగ్గర వేరే మనిషి సంతకం ఉంది. ఓదేలు మామ మేడారం జాతరకు పోయిన రోజులవి. మామ ఉన్న ప్రతి రోజూ వాల్వు వచ్చింది. మామ లేని ఏ ఒక్క రోజూ రాలేదు.

చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే ఆయన క్వార్టర్‌కి పోయాను. ఆయన వాకిట్లో బీరపాదుకు పందిరి కడుతున్నాడు. నన్ను చూసి, కూసో బిడ్డా అన్నాడు. నేను కూర్చోలేదు. మామా, ఆ డబ్బాకు నువ్వేం చేసేటోనివి, నాకు దాచకుండా చెప్పమన్నాను. బిళ్ల కట్టేవాడిననీ, అది అందరూ చూసిందేననీ అన్నాడు. ఎందుకు కట్టేవాడివని అడిగితే, తాడు ముడి బిగించి అప్పుడు చెప్పాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఒకరోజు ఆయనకు జ్వరం. తన బావమరిది మొగిలిని తన బదులు దింపాడు, తన అరవై ఒకటో నంబర్ బిళ్ల ఇచ్చి. అలా పంపడం తప్పు, తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఆ రోజే గనిలోకి నీళ్లు వచ్చాయి. సైరన్ విని ఓదేలు మామ జ్వరంతోనే ఉరికి వచ్చాడు. అరవై ఒకటో కొక్కెం ఖాళీగా ఉంది. గుమాస్తా ఆయన్ని చూసి, ఓదేలు పైనే ఉన్నాడు, కంగారులో బిళ్ల పోగొట్టుకుని ఉంటాడనుకుని టిక్కు పెట్టాడు. లెక్క సరిపోయింది. కింద ఎవరూ లేరని వెతకడం ఆపేశారు.

"నేను నోరు తెరిచేసరికి పొద్దు మీకి చీకటి పడ్డది," అన్నాడు ఓదేలు మామ. "ఉద్యోగం పోతదని బయపడ్డ. పొద్దుగాలనే చెప్పుంటే మొగిలి బతికేటోడేమో. అప్పటిసంది పాణమున్నది ఏది దిగినా బిళ్ల లేకుండ దింపలే."

నాకు ఆయన బాధ వినబడలేదని కాదు. కానీ నా బుర్ర అప్పటికే ముందుకు ఉరికింది. బిళ్ల! నలభై గ్రాముల ఇత్తడి, నేను తూచిన తర్వాత ఒక పక్కన కట్టింది. దాని వల్ల డబ్బా పడేటప్పుడు కొంచెం తిరిగి ఉంటుంది, ఆ తిరగడమే కణాలను సర్ది ఉంటుంది. దొరికింది అనుకున్నాను. మేడంకి చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. మర్నాడు శ్రీలత రెండో గిన్నె వంతు. బోర్డు నుంచి ఒక బిళ్ల తీసి, ఓదేలు మామ కట్టిన చోటే కట్టి పంపాను. మూత పడింది, ఇరవై సెకన్లు, డబ్బా పోయింది.

ఐదు రోజుల తర్వాత మళ్లీ అవే తునకలు.

ఆ సాయంత్రమే వరంగల్ డాక్టర్ ఫోన్ చేశాడు. శ్రీలత గుండె గది సాగిపోతోంది, వచ్చే బుధవారం ఆపరేషన్ చేయాలి, అది దాటితే తను చేయి పెట్టనన్నాడు. బుధవారానికి వాల్వు ఉండాలంటే గురువారం డబ్బా పడాలి. ఆ రోజు బుధవారం. మిగిలింది ఒక్క గిన్నె.

ఇంటికి పోయేసరికి శ్రీలత ఎవరిదో పెళ్లి జాకెట్టుకు చేతిపని చేస్తోంది. నేను గుమ్మంలోనే కూలబడి, నా తొందర నీ ప్రాణం మీదికి తెచ్చిందే అని ఏడ్చాను. అది సూది గుచ్చి పక్కన పెట్టింది. ఏడ్చేది తర్వాత ఏడువు, ముందు ఆయన ఏం చేస్తాడో నాకు మొదటి నుంచి చేసి చూపించు అంది. ఏం చూపించాలే, బిళ్ల కట్టి గంట కొడతాడు అన్నాను. చెప్పమనలేదు, చేసి చూపించమన్నాను అంది.

చేశాను. వంటింటి గడప డబ్బా అనుకున్నాం, వాకిట్లో తులసికోట బోర్డు. మా ఇల్లు చిన్నది కాబట్టి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగితే గాని నలభై అడుగులు రావు. నేను రెండుసార్లు తిరిగి, బిళ్ల కట్టినట్టు చేసి, మూడుసార్లు చప్పట్లు కొట్టి, మీట లాగేశాను.

"ఆయన గిట్లనే ఉరికిండా?" అంది శ్రీలత.

ఉరకలేదు. ఆయనకు మోకాలి నొప్పి.

"మరి ఆయన లెక్క చెయ్యక్కా. నీ లెక్క కాదు."

మళ్లీ చేశాను. ఆయనలా కుంటుతూ నడిచాను, బిళ్ల తీసి, నంబరు చూసి, మళ్లీ నడిచాను. మూడు చప్పట్లు కొట్టి గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఇక్కడ ఎంతసేపు ఆగుతాడని అడిగింది శ్రీలత. చానా సేపే అన్నాను. ఎంత? నాకు తెలుసు. సెకన్లతో సహా తెలుసు, నేనే కొలిచాను కదా. బీరువా తెరిచి, శాలువా మడతలో పెట్టిన నా కాగితం తీశాను. వృథా సమయం, నాలుగు నిమిషాల పదహారు సెకన్లు.

కాగితం పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నాను. సూదిలోంచి తోసి గిన్నెలో పోసినప్పుడు కణాలు చెదిరిపోతాయి, ఒకదానికొకటి దూరంగా ముడుచుకుంటాయి. కాసేపు కదలకుండా వదిలితే సన్నటి పోగులు చాచి పక్కదాన్ని పట్టుకుంటాయి. మైక్రోస్కోపులో వందసార్లు చూశాను, రాజమణికి కూడా చూపించాను. మరీ ఎక్కువసేపు వదిలితే అడుక్కి దిగిపోతాయి. ఓదేలు మామ మోకాలి నొప్పి, నలభై అడుగులు, రాని జవాబు కోసం ఎదురుచూపు, అన్నీ కలిసి సరిగ్గా అవి చేతులు పట్టుకునేంత సేపు. తర్వాత నేను వచ్చి ఇరవై సెకన్లకే తోసేశాను, విడివిడిగా ఉన్నవాటిని. అందుకే తునకలు. రాజమణి నాలుగు గిన్నెలూ అందుకే.

శ్రీలతకు ఇదంతా చెప్పాను. రాజమణి గురించి నేను అనబోయేది దానికి అర్థమైంది. తర్వాత నా చేతిలోంచి కాగితం తీసుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "పోయి మేడంకి చెప్పు," అంది. "నేనాగుత."

మేడం కాగితం రెండుసార్లు చదివారు. కింద తన సంతకం ఉంది, దాని మీద చాలాసేపు వేలు పెట్టుకుని కూర్చున్నారు. రుజువు లేకుండా చివరి గిన్నె ఎలా పడేద్దామని అడిగారు. ముందు మేక కణాలతో చూద్దామన్నారు. వాటిని పెంచాలంటే పది రోజులు, శ్రీలతకు అన్ని రోజులు లేవని చెప్పాను. బిళ్ల విషయంలో నువ్వు ఇలాగే నమ్మావు కదా వినోదా అన్నారు. ఆ మాట నిజం. నేను తలదించుకుని, ఈసారి నమ్మింది నేను కాదు మేడం, నా చెల్లెలు, గిన్నె దానిది అన్నాను.

గేటు మోటారుకు ఆగడం తెలియదు. అందులో ఇరవై సెకన్లని రాసి పెట్టారు, మార్చాలంటే హైదరాబాద్ నుంచి మనిషి రావాలి. పాత మీట మాత్రం అలాగే ఉంది. మేడం ఓదేలు మామకు స్వయంగా ఫోన్ చేశారు.

గురువారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఏం జరిగిందో నేను దారిలోనే చెప్పాను. నువ్వు చేసిందే సరైనది మామా, నేనే దాన్ని పనికిమాలినదన్నాను అని కూడా చెప్పాను. ఆయన ఊ కొట్టాడు, అంతే. నేను గిన్నెలో కణాలు పోశాను. మోచేతులు బల్లకు ఆనించుకున్నాను. మూత బిగించి డబ్బాను గేటు దగ్గరికి తోశాను.

"లోపల పాణమున్నదా?" అన్నాడు ఓదేలు మామ.

"ఉన్నది. మా శ్రీలత."

ఆయన బోర్డు వైపు నడిచాడు. స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది, మేడం నా పక్కన ఉన్నారు. నలభై అడుగులు ఎంత దూరమో నాకు ఆ రోజు తెలిసింది. కాళ్లు ఊరుకోవు. రెండుసార్లు ముందుకు అడుగేసి వెనక్కి వచ్చాను. ఉరికిపోయి ఆయన చేతిలో బిళ్ల పెట్టి రావాలనిపించింది, మామా తొందరగా అని అరవాలనిపించింది. అరిస్తే శ్రీలత పోతుందని నా చున్నీ కొస నోట్లో కుక్కుకున్నాను. ఆయన తిరిగొచ్చాడు. బిళ్ల కట్టాడు. మూడు గంటలు కొట్టాడు. ఆ చప్పుడు బాయిలోకి దిగిపోయి చాలాసేపటికి ఆగింది. ఆయన గేటు మీద చెయ్యి వేసి, తల కొంచెం వంచి నిలబడ్డాడు. ఆయన వినేది ఎవరి జవాబో అప్పుడు నాకు తెలుసు. బోర్డు మీద అరవై ఒకటో కొక్కెం ఇరవై రెండేళ్లుగా ఖాళీగానే ఉంది.

నాలుగు నిమిషాల పద్దెనిమిది సెకన్లకు మీట లాగాడు. నేల కింద గుబుక్కుమని ఒక చప్పుడు, తర్వాత తొమ్మిది సెకన్లు ఏమీ లేదు.

డబ్బాను పైకి లాగాక ఆయన ముందు బిళ్ల విప్పి, నడిచి పోయి, కొక్కేనికి తగిలించి వచ్చాడు. ఆ తర్వాతే నన్ను గిన్నె ముట్టుకోనిచ్చాడు.

మంగళవారం పెట్టె తెరిచాం. మూడు రేకులు, పలచగా, చిరుగు లేకుండా. నీళ్లు వదిలితే తెరుచుకున్నాయి, ఆపితే మూసుకున్నాయి. మేడం పదిసార్లు నీళ్లు వదిలి చూశారు. నేను ఒక్కసారి చూసి బయటికి వచ్చి గోడకు చేరబడ్డాను. బుధవారం దాన్ని శ్రీలత గుండెలో కుట్టారు. ఇప్పుడది మిషన్ ఆపకుండా జాకెట్టు కుడుతుంది, పైగా పాటలు పాడుతూ నా చెవులు తింటుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. శ్రీలత ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి ఓదేలు మామ కనబడి, ఆ టీచరమ్మ ఇంట్లవాళ్లకు చెప్పినవా అని అడిగాడు. మేడం అంతా రిపోర్టులో రాశారు, నా పేరు, తన సంతకం, నాలుగు గిన్నెల లెక్క, ఏదీ దాచలేదు. పై నుంచి వాళ్లకు ఉత్తరం పోతుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దీనికి మాత్రం ఆగకు బిడ్డా. నేను పొద్దుమీకేదాక ఆగిన."

మర్నాడే మంథని బస్సెక్కాను. రాజమణి భర్త సమ్మయ్యకు రోడ్డు మీదే మోటార్ల దుకాణం ఉంది, కాలిపోయిన పొలం మోటార్లకు రాగి తీగ చుడతాడు. నన్ను గుర్తుపట్టి, స్టూలు తుడిచి వేశాడు. నేను నిలబడే చెప్పాను, మొదటి నుంచి. బిళ్ల, గంటలు, స్టాప్‌వాచ్, నా కాగితం, శాలువా. ఆమె కణాలు బాగానే ఉన్నాయనీ, జిగురూ బాగానే ఉందనీ, ఆ నాలుగు గిన్నెలకూ నాలుగు నిమిషాలు ఆగి ఉంటే ఆమె ఈ రోజు బడిలో ఉండేదనీ చెప్పాను. మా చెల్లెలు బతికిందని కూడా చెప్పాను. అది దాచడం నా వల్ల కాలేదు.

ఆయన చుడుతున్న తీగ వదల్లేదు. వదిలితే చుట్లన్నీ ఊడిపోతాయి. చివరిదాకా చుట్టి, ముడి వేసి, మోటారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా నిలబడాలనే వచ్చాను.

"మేడం," అన్నాడు, భార్య పిలిచినట్టే. "ఆ మిగిలిన నాలుగు నిమిషాలు మీరేం చేసిండ్రు?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అంత విలువైన పని ఏదో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. నాకు జవాబు వెంటనే నోటిదాకా వచ్చింది, కానీ ఎప్పటిలా వెంటనే అనలేకపోయాను.

"చాయ్ తాగినం," అన్నాను.